ఉప్పుగాలిలో హెచ్‌డీ టీవీ: విశాఖలో ఏది కొనాలి, చెడితే ఏం చేయాలి

ఎంవీపీ కాలనీలోనో లాసన్స్ బే కాలనీలోనో సముద్రం వైపు కిటికీ ఉన్న హాలులో నాలుగు రోజులు తుడవకుండా వదిలేసిన టీవీ తెర మీద వేలితో గీస్తే గీత తేటగా పడుతుంది. వేలికి అంటినది దుమ్ములా పొడిగా రాలదు, కాస్త జిగటగా ఉంటుంది. అది గాలిలో కొట్టుకొచ్చిన ఉప్పు. తెర మీద కనిపించేంత ఉప్పు పట్టిందంటే, వెనకవైపు గాలి ఆడేందుకు పెట్టిన కంతల గుండా లోపలి సర్క్యూట్ బోర్డుల మీదికీ అది చేరుతోందని అర్థం. విశాఖలో హెచ్‌డీ టీవీ కొనేవారు షోరూములో సాధారణంగా అడగని విషయం ఇదే. అక్కడ మాటలన్నీ పిక్సెళ్లు, అంగుళాలు, డిస్కౌంటు చుట్టూ తిరుగుతాయి. బొమ్మ విషయంలో పోటీ చాలావరకు ముగిసిపోయింది. మధ్యస్థ ధరలో దొరికే పేరున్న టీవీ ఏదైనా మామూలు హాలుకు సరిపడా బొమ్మే చూపిస్తుంది. ఈ ఊళ్లో తేడా తెచ్చే ప్రశ్నలు రెండు. ఈ గాలినీ ఈ కరెంటునూ సెట్టు ఎన్నేళ్లు తట్టుకుంటుంది? తట్టుకోలేనప్పుడు జవాబు చెప్పేది ఎవరు?

ముందు పిక్సెళ్ల లెక్క తేల్చుకుంటే మిగతాది తేలికవుతుంది. హెచ్‌డీ రెడీ అని అమ్మే 32 అంగుళాల తెరలో సుమారు 10.5 లక్షల చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీలో 20.7 లక్షలు, 4కెలో దాదాపు 83 లక్షలు. అంకెలు చూస్తే ఒకదాని కంటే ఒకటి ఎంతో గొప్పగా కనిపిస్తాయి. కానీ చూసే కంటికి ఒక హద్దుంది. మామూలు చూపున్న కన్ను సుమారుగా డిగ్రీలో 60వ వంతు కన్నా సన్నని వివరాన్ని విడదీసి చూడలేదు. ఆ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరను అయిదున్నర అడుగుల కన్నా దూరం నుంచి చూస్తే చుక్కలు కలిసిపోతాయి. 55 అంగుళాల తెరకు ఆ హద్దు 7 అడుగులు, 65 అంగుళాలకు ఎనిమిదిన్నర. అపార్టుమెంటు హాలులో సోఫాను గోడకు ఆనించి వేసినా కంటికీ తెరకూ మధ్య మిగిలేది 8 లేదా 9 అడుగులే. అంత దూరం నుంచి 43 అంగుళాల టీవీలో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పట్టుకోవడం మామూలు చూపున్నవారి తరం కాదు. 65 అంగుళాలకు మించిన తెర కొన్నప్పుడో, బాగా దగ్గరగా కూర్చున్నప్పుడో మాత్రమే 4కె ప్రయోజనం కంటికి ఆనుతుంది. ఇప్పుడు 43 అంగుళాలు దాటిన సెట్లు దాదాపు అన్నీ 4కెలోనే వస్తున్నాయి కాబట్టి అది వద్దనాల్సిన పనిలేదు. దాని పేరు చెప్పి అదనంగా డబ్బు అడిగితే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

అసలు చిక్కు లోపలికి వచ్చే సిగ్నల్‌తో ఉంది. మామూలు ఎస్‌డీ ఛానెల్‌లో నిలువునా ఉండేది 576 గీతలే. ఆ బొమ్మను 43 అంగుళాల తెర మీద పరిస్తే, మసక తెలియకుండా చూడాలంటే పదిన్నర అడుగుల దూరం కావాలి. పాత 32 అంగుళాల టీవీ తీసేసి 55 అంగుళాలది బిగించిన ఇంట్లో మొదటి వారమే ‘బొమ్మ పాతదానంత స్పష్టంగా లేదు, సెట్టులో లోపం ఉంది’ అన్న మాట వినిపించడానికి కారణం ఇదే. లోపం సెట్టుది కాదు. సెట్‌టాప్ బాక్సు నుంచి ఎరుపు, తెలుపు, పసుపు తీగలే ఇంకా వస్తున్నాయా, హెచ్‌డీఎంఐ తీగ పెట్టారా, ప్యాకేజీలో ఉన్నది హెచ్‌డీ ఛానెలా, ఎస్‌డీనా అన్నది చూసుకుంటే చాలా ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. మన హెచ్‌డీ ఛానెళ్లు కూడా 1080 గీతలను ఒక్కసారిగా పంపవు. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి చొప్పున సెకనుకు 50 అరబొమ్మలు పంపుతాయి. వాటిని అతుకు కనిపించకుండా కలపడం టీవీ లోపలి ప్రాసెసర్ పని, లేదా సెట్‌టాప్ బాక్సు పని. చవక సెట్టుకూ మంచి సెట్టుకూ తేడా బయటపడేది ఇక్కడే.

దీన్ని షోరూములోనే పరీక్షించవచ్చు. అక్కడ ఆడించే డెమో వీడియోలో నెమ్మదిగా విచ్చుకునే పూలు, నల్లటి నేపథ్యం మీద రంగునీళ్లు ఉంటాయి. అవి ఏ తెర మీదైనా అందంగానే ఉంటాయి. వాటిని ఆపించి ఒక తెలుగు వార్తా ఛానెల్ పెట్టమని అడగాలి. తెర అడుగున కుడి నుంచి ఎడమకు పరిగెత్తే అక్షరాల వరుసను చూడాలి. మన లిపిలో అక్షరం కింద ఒత్తు, ఒత్తు కింద మరో ఒత్తు, వట్రుసుడి సన్నని మెలిక ఉంటాయి. ‘రాష్ట్ర’ అన్న మాట కదులుతున్నప్పుడు ‘ష్ట్ర’ కింది భాగం విడివిడిగా చదవగలిగితే ఆ సెట్టు కదలికను బాగానే పట్టుకుంటున్నట్టు. ఒత్తులు అలుక్కుపోయి బూడిదరంగు చారలా జారితే రేపు క్రికెట్ బంతి కూడా అలాగే జారుతుంది. తెలుగువారికి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

క్రికెట్ మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. 2005 ఏప్రిల్ 5న విశాఖ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు చేసినప్పుడు ఇళ్లలో ఆ ఆట చూసినవారిలో అత్యధికులు చూసింది పిక్చర్ ట్యూబు టీవీల్లోనే. ట్యూబులో ప్రతి చుక్కా క్షణంలో వెలిగి ఆరిపోయేది, అందుకే పరిగెత్తే బంతి వెనక తోక ఉండేది కాదు. ఇప్పటి ఎల్‌సీడీ తెరలో ఒక బొమ్మ మరుసటి బొమ్మ వచ్చేదాకా వెలుగుతూ నిలిచి ఉంటుంది. కన్ను బంతితో పాటు కదులుతుంటే బొమ్మ మాత్రం ఒకచోట ఆగి ఉండటం వల్ల అలికినట్టు అనిపిస్తుంది. సెకనుకు 120 సార్లు బొమ్మను మార్చే ప్యానెల్ (బొమ్మను చూపే తెర పలక) దీన్ని కొంత తగ్గిస్తుంది. అయితే పెట్టె మీద ‘మోషన్’ అన్న మాట పక్కన రాసే పెద్ద అంకెను నమ్మకూడదు. సాంకేతిక వివరాల పట్టికలో ప్యానెల్ రిఫ్రెష్ రేటు ఎదురుగా 60 ఉందా 120 ఉందా అన్నదే లెక్క.

ప్యానెల్ రకాల మీద గంటల కొద్దీ చర్చ అనవసరం. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగా నల్లగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. ఐపీఎస్‌లో పక్కనుంచి కూడా రంగు నిలుస్తుంది, చీకటి గదిలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. ఇంటిల్లిపాదీ హాలంతా పరుచుకుని కూర్చునే ఇంటికి ఐపీఎస్, రాత్రిపూట ఎదురుగా కూర్చుని సినిమా చూసేవారికి వీఏ నప్పుతాయి. క్యూఎల్ఈడీ అన్నది కూడా ఎల్‌సీడీయే, రంగుల కోసం ఒక పొర అదనం. ఓఎల్ఈడీలో చుక్కలు తమంతట తామే వెలుగుతాయి, బొమ్మ అద్భుతంగా ఉంటుంది. కానీ పొద్దున లేచింది మొదలు వార్తా ఛానెల్ ఆన్‌లో ఉండే ఇంటికి అది తగదు. గంటల తరబడి కదలకుండా ఉండే ఛానెల్ గుర్తు, ఎర్రటి బ్రేకింగ్ పట్టీ కొన్నాళ్లకు తెర మీద నీడలా అచ్చుపడే ప్రమాదం ఉంది. స్మార్ట్ సదుపాయాల కోసం ఎక్కువ ఖర్చు పెట్టడం కూడా తెలివైన పని కాదు. ప్యానెల్ పదేళ్లు బతకవచ్చు, లోపలి సాఫ్ట్‌వేర్ నాలుగైదేళ్లకే వెనకబడుతుంది. అప్పుడు చిన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తగిలిస్తే సరిపోతుంది.

ధరల మీద ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాక 30,000 రూపాయలుండే సెట్టు మీద ఇది 3,000 రూపాయల తేడా. ‘పాత ఎమ్మార్పీ మీద భారీ తగ్గింపు’ అని చూపించే డిస్కౌంటులో ఈ పన్ను తగ్గింపు ఎంత, దుకాణం ఇచ్చేది ఎంత అని విడదీసి అడగడం కొనేవారి హక్కు.

ఉప్పు చేసే పని

తేమ లేని ఉప్పుతో పెద్ద ప్రమాదం లేదు. ఉప్పు లేని తేమలో కూడా బోర్డు చాలాకాలం నిలుస్తుంది. రెండూ కలిసినప్పుడే నష్టం. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో మూత పెట్టని ఉప్పు డబ్బా చెమర్చడం అందరూ చూసేదే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం దగ్గరే నీరు పీల్చడం మొదలుపెడుతుంది. విశాఖ తీరంలో గాలి తేమ సాధారణంగా అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి బోర్డు మీద పడిన ఉప్పుపొర ఇక్కడ పూర్తిగా ఎండే రోజు దాదాపు ఉండదు. ఆ తడి పొర గుండా కరెంటు పారుతుంది. పక్కపక్కనే ఉన్న సన్నని రాగి దారుల మధ్య లోహం కొద్దికొద్దిగా కరిగి, పక్క దారి వైపు మొలకలా పెరుగుతుంది. రెండూ తాకిన రోజున షార్టు. మెకానిక్ వెనక మూత విప్పగానే కనెక్టర్ పిన్నుల దగ్గర పచ్చగా కనిపించే చిలుము ఈ కథకు సాక్ష్యం.

దీన్నిబట్టి కొన్ని జాగ్రత్తలు వాటంతట అవే తేలతాయి. వాన జల్లు కొట్టే బయటి గోడకు, చెమ్మ దిగే బాత్‌రూము గోడకు టీవీ బిగించకూడదు. గోడకూ సెట్టుకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. సముద్రం వైపు కిటికీకి సూటిగా ఎదురుగా కాకుండా పక్క గోడకు పెడితే ఉప్పుతో పాటు పొద్దుటి ఎండ మెరుపు కూడా తగ్గుతుంది. రోజూ గంటో రెండు గంటలో నడిచే సెట్టు తన వేడితోనే తన తేమను తగ్గించుకుంటుంది. నెలల తరబడి తాళం వేసి ఉంచిన ఫ్లాటులోని సెట్టు అంతకన్నా త్వరగా పాడవడానికి ఇదే కారణం. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే పెద్దవాళ్లు ప్లగ్గు తీసి, సెట్టుకు పొడి దుప్పటి కప్పి, నమ్మకమైన మనిషి చేత నెలకు రెండుసార్లయినా కాసేపు ఆన్ చేయించడం మంచిది. రుషికొండ, భీమిలి వైపు కెరటాలకు మరీ దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇది తప్పనిసరి.

తుడవడంలో జరిగే పొరపాటు మరీ బాధాకరం. తెర మీద ఉప్పు పేరుకుంటుంది కాబట్టి ఇక్కడివారు మిగతా ఊళ్లవారి కన్నా ఎక్కువసార్లు తుడుస్తారు, పైగా తడిగుడ్డతోనో, అద్దాలు తుడిచే ద్రవాన్ని నేరుగా తెర మీద చల్లో తుడుస్తారు. ఆ నీటి చుక్క మెల్లగా కిందికి జారి, నల్లటి అంచు వెనక్కి ఇంకుతుంది. చాలా మోడళ్లలో ప్యానెల్‌ను నడిపించే చిన్న చిప్పులు అతికించిన పలుచటి ఫిల్ములు సరిగ్గా ఆ అంచులోనే ఉంటాయి. కొన్నాళ్లకు తెర మీద పై నుంచి కిందిదాకా ఒక రంగు గీత మొదలవుతుంది, తరువాత మూడు, నాలుగు. సెట్టు ఆపి, చల్లారాక, కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో పై నుంచి మొదలుపెట్టి తుడిచి, అంచు దగ్గర పొడిగుడ్డ వాడితే ఈ గండం తప్పుతుంది.

కరెంటు సంగతి ఉప్పు కన్నా తక్కువదేమీ కాదు. వెనక స్టిక్కరు మీద 100 నుంచి 240 వోల్టులని ఉన్న సెట్టుకు మామూలు హెచ్చుతగ్గుల కోసం స్టెబిలైజరు అవసరం లేదు. అవసరమైనది మంచి ఎర్తింగు, ఉప్పెనలా వచ్చే వోల్టేజిని ఆపే సర్జ్ ప్రొటెక్టర్. అపార్టుమెంట్లలో అన్నింటికన్నా పెద్ద ముప్పు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిపోవడం. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ ఊడితే కొన్ని ఫ్లాట్లకు 230 వోల్టులకు బదులు 400 దాకా వెళ్లవచ్చు. ఒకే రాత్రి ఒకే వరుసలోని నాలుగిళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు పోయాయంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. మెయిన్ బోర్డులో వోల్టేజి పెరిగితే కట్ చేసే పరికరం పెట్టించడం టీవీ ధరతో పోలిస్తే చిన్న ఖర్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత విరామం తరువాత కరెంటు తిరిగి వచ్చే తొలి నిమిషాలు నమ్మదగినవి కావు. ప్లగ్గులు తీసి ఉంచి, ఫ్యాన్లు నిలకడగా తిరుగుతున్నాయని చూసుకున్నాకే టీవీ పెట్టాలి. పిడుగుల వేళ ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు. డాబా మీది డిష్ నుంచి వచ్చే కేబుల్ గుండా పోటు సెట్‌టాప్ బాక్సుకూ, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగ మీదుగా టీవీ మెయిన్ బోర్డుకూ పాకుతుంది. ఆ తీగ కూడా తీయాలి.

సెట్టు చెడినప్పుడు

ధ్వని వస్తూ తెర నల్లగా ఉంటే గదిలో దీపాలు ఆర్పి, తెరకు దగ్గరగా ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూడాలి. వెలుగు పడినచోట బొమ్మ నీడలా కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బతికే ఉందన్నమాట. పోయింది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక నుంచి వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీలు. పట్టీ మీది ఎల్ఈడీలు దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా పట్టీ అంతా ఆరిపోతుంది. పట్టీలు మార్చడం ప్యానెల్ మార్చడంతో పోలిస్తే ఎంతో చవక. ఈ చిన్న పరీక్ష తెలియక ‘ప్యానెల్ పోయింది, కొత్త టీవీ కొనుక్కోండి’ అన్న మాట విని మంచి సెట్లను పాతసామానుకు వేసేస్తున్నారు. చాలా సెట్లలో కంపెనీ నుంచి వచ్చేటప్పుడే బ్యాక్‌లైట్ బాగా ఎక్కువగా పెట్టి ఉంటుంది. మొదటి రోజే దాన్ని 60 శాతం దగ్గరికి తగ్గిస్తే ఎల్ఈడీల వేడి తగ్గి ఆయుష్షు పెరుగుతుంది.

అసలేమీ వెలగకపోతే ముందు పవర్ బోర్డును అనుమానించాలి, ఇదీ బాగుచేయదగినదే. కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోతుంటే సాఫ్ట్‌వేర్ లేదా మెయిన్ బోర్డు. నిలువు గీతలు, సగం తెర పోవడం, పగులు మాత్రం ప్యానెల్ సంగతి. సెట్టు ధరలో సింహభాగం ప్యానెల్‌దే కాబట్టి వారంటీ దాటాక దాన్ని మార్పించడం కన్నా కొత్తది కొనడమే చాలాసార్లు నయం. గీతలు పడిన ఫిల్మును యంత్రంతో మళ్లీ అతికించే బాండింగ్ పని కొందరు చేస్తారు, కానీ తేమ ఊళ్లో అది ఎంతకాలం నిలుస్తుందన్నదానికి భరోసా ఉండదు. ఒకటి రెండు చుక్కలు వెలగకపోవడాన్ని కంపెనీలు సాధారణంగా లోపంగా ఒప్పుకోవు. 2001 నాటి ఐఎస్ఓ 13406-2 ప్రమాణం రెండో తరగతి ప్యానెళ్లలో 10 లక్షల చుక్కలకు ఎప్పుడూ వెలిగి ఉండేవి 2, ఎప్పుడూ ఆరి ఉండేవి 2 దాకా అనుమతించింది. కంపెనీల నియమాల్లో ఆ ఆలోచనే ఇంకా కొనసాగుతోంది. ఎన్ని చుక్కలు పోతే మారుస్తారన్నది కొనకముందే అడగాలి.

గొడవల్లో ఎక్కువ భాగం పుట్టేది పగులు దగ్గర. పాడేరు, అరకు, నర్సీపట్నం వైపు నుంచి వచ్చి నగరంలో టీవీ కొని, పెట్టెను ఆటోలో పడుకోబెట్టి, బస్సులో ఘాట్ మలుపులు ఎక్కించి తీసుకెళ్తారు. పడుకోబెట్టిన పెద్ద తెర తన బరువుకే వంగి పగులుతుంది. పగులు వారంటీలోకి రాదు, అది ఎప్పుడు పడిందో నిరూపించడం కష్టం. అందుకే డెలివరీ మనిషి ఎదుటే పెట్టె తెరవాలి. సీరియల్ నంబరు కనిపించేలా మొదలుపెట్టి, సెట్టు ఆన్ చేసి తెల్లటి, నల్లటి, ఎర్రటి తెరలు చూసేదాకా ఆపకుండా వీడియో తీయాలి. తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు ప్రకారం టీవీలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు ఉండాలి. వెనక స్టిక్కరు మీద ఆ ‘ఆర్’ నంబరు లేని చవక సెట్టును వాపసు పంపడమే మేలు. దాన్ని బాగుచేసే చిరునామా రేపు దొరకదు.

వారంటీ కాగితంలో తేమ, తుప్పు, వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల వచ్చిన నష్టానికి బాధ్యత లేదన్న వాక్యం చాలా కంపెనీలు పెడతాయి. తీరప్రాంతం వారికి ఇది అన్యాయం. ఈ ఊళ్లో అమ్మే వస్తువు ఈ ఊరి గాలిలో పనిచేయాలి కదా. టెక్నీషియన్ వచ్చి చూసి ‘తుప్పు పట్టింది, వారంటీ వర్తించదు’ అని నోటితో చెప్పి వెళ్లిపోతే ఊరుకోకూడదు. ఏ బోర్డు మీద, ఎక్కడ, ఏం కనిపించిందో జాబ్ షీటు (టెక్నీషియన్ సర్వీసు వివరాలు రాసే కాగితం) మీద రాయించుకోవాలి, మూత తీసి ఉన్నప్పుడే ఫొటో తీసుకోవాలి. లోపం ఉందని చూపాల్సిన భారం మొదట ఫిర్యాదుదారుడి మీదే ఉంటుంది కాబట్టి ఈ కాగితాలే బలం.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ గట్టి అండ. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఆ నంబరు దాచుకోవాలి, తరువాత 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాలి. చాలా వివాదాలు ఈ దశలోనే కదులుతాయి. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఆన్‌లైన్‌లో కొన్న సెట్టు అమ్మకందారు ఢిల్లీలో ఉన్నా బెంగళూరులో ఉన్నా, విశాఖలో నివసించేవారు విశాఖలోనే కేసు వేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ సెట్టును ప్రయోగశాలకు పంపగలదు. తుప్పు నెపం నిలుస్తుందో లేదో అక్కడ తేలుతుంది. బాగుచేయమని, కొత్తది ఇమ్మని, వడ్డీతో డబ్బు తిరిగి ఇమ్మని, పరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం దానికి ఉంది. పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో, అవసరం లేనిదాన్ని 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకు మించి పట్టవచ్చు.

కంపెనీ దిగివచ్చి ప్యానెల్ గానీ సెట్టు గానీ మార్చి ఇచ్చిన రోజున కూడా పని మిగిలే ఉంటుంది. ఇచ్చింది కొత్తదా, బాగుచేసినదా, దానికి వారంటీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందా, పాత గడువే నడుస్తుందా అన్నది జాబ్ షీటు మీద రాయించి సంతకం చేయించుకోవాలి. మారిన సీరియల్ నంబరును పాత బిల్లుకు జతపరిచి ఇమ్మని అడగాలి. ఆ నంబరు, బిల్లు మీది నంబరు వేరైతే తరువాతి ఫిర్యాదును సర్వీస్ సెంటరు తొలి మాటలోనే తిప్పికొట్టే వీలుంది.